నాన్న చేసిన రింగు

మా అమ్మ మొండిఘటం. నాన్న పోయాక ఏ కెమెరా ముందూ నిలబడలేదు. తమ్ముడి పెళ్ళిలో ఫొటోగ్రాఫర్‌ను చూడగానే స్తంభం చాటుకు తప్పుకుంది. ఆవిడ ఫొటో ఒక్కటైనా నా దగ్గర ఉండాలని అరిచాను, అలిగాను, కాళ్ళావేళ్ళా పడ్డాను. చివరికి విసుగెత్తి, "మీ నాన్న లెన్సుతో తీస్తే కూర్చుంటాలే, పో" అంది. బీరువాలో పాత ఊలుటోపీలో చుట్టిపెట్టిన ఆ లెన్సు నా కొత్త కెమెరాకు పట్టదని ఆవిడకు తెలుసు. అందుకే అంత ధీమా.

నేనూ ఆవిడ కూతుర్నే కదా! మర్నాడే లెన్సునూ అమ్మనూ వెంటబెట్టుకుని కెమెరాలు బాగుచేసే షాపుకు వెళ్ళాను.

మెట్ల కింద ఇరుకు గది. షాపాయన లెన్సును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. "కడిగిన ముత్యంలా ఉందమ్మా. బూజు కూడా పట్టలేదు."

లెన్సు ఒక కంపెనీది, నాన్న కెమెరా ఇంకో కంపెనీది. రెంటినీ కలపడానికి నాన్న తన ఫ్యాక్టరీ లేతు మీద ఇత్తడి రింగు చేసుకున్నాడు. షాపాయన దాని వెనక ఇంకో అడాప్టరు తగిలించి నా కెమెరాకు బిగించాడు. టక్కున పట్టింది. అమ్మ ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

తీరా చూస్తే ఎదురు మేడ మసక. ఫోకస్ చివరిదాకా తిప్పినా మసకే. షాపాయన రింగు కొలిచి నవ్వాడు.

"మీ నాన్నగారు మందం ఎక్కువ పెట్టారమ్మా. దీంతో బారెడు దాటితే ఏదీ స్పష్టంగా రాదు. కాస్త అరగదీస్తే సరిపోతుంది."

మా ఆల్బములన్నీ కళ్ళముందు తిరిగాయి. సముద్రానికి వెళ్ళిన ఫొటోల్లో సముద్రం లేదు, తడిసిన జుట్టుతో అమ్మ ముఖం ఉంది. కొండకు వెళ్తే కొండ లేదు, నా ఊడిన పన్ను ఉంది. మామయ్య నాన్నను 'ముక్కుల ఫొటోగ్రాఫర్' అని ఏడిపించేవాడు. "సముద్రం రేపూ ఉంటుందిలే" అని నాన్న దబాయించేవాడు. రింగు తప్పు చేసి, ఎంత దర్జాగా కప్పిపుచ్చాడు! పడీపడీ నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

"అరగదీసెయ్యండి" అన్నాను.

ఆయన ఆకురాయి అందుకున్నాడు.

"వద్దు! దాన్ని ముట్టుకోకండి" అంది అమ్మ.

"దూరంవి రావమ్మా మరి."

"రాకపోతే మానాయి." నా వైపు తిరిగింది. "ఆయన ఎప్పుడో చెప్పారే నాకు, కొలత తప్పిందని. ఇంకోటి చేస్తానన్నారు. నేనే వద్దన్నా."

"ఎందుకే?"

"అప్పుడు ఇంటినిండా జనం. అత్తగారు, ఆడపడుచులు, వచ్చేపోయేవాళ్ళు. పగటిపూట ఆయన నా దగ్గరికొచ్చి నిలబడేది ఫొటో తీసేటప్పుడేనే."

షాపాయన ఆకురాయి డబ్బాలో పడేసి, అటు తిరిగి ఏదో పని కల్పించుకున్నాడు.

అమ్మ తనంతట తనే కిటికీ పక్క స్టూలు మీద కూర్చుంది. కెమెరా కంటికి పెట్టుకున్నాను. ముఖం మసగ్గా ఉంది. ఒకడుగు ముందుకు వేశాను, ఇంకొకటి వేశాను. కనురెప్పలు, నుదుటి ముడతలు, పై పెదవి మీది పుట్టుమచ్చ ఒక్కొక్కటే తేటపడ్డాయి. నాన్న నిలబడిన చోటు ఇదే.

అమ్మ నన్ను చూడటం లేదు, లెన్సును చూస్తోంది. జుట్టు వెనక్కి సర్దుకుని, గొంతు తగ్గించి అంది.

"త్వరగా తియ్యండి. ఎవరైనా వచ్చేస్తారు."