సూది జారుతోందక్కా

గురువారం పొద్దున్నే కుట్టుపని ఫ్రేము ఒళ్లో పెట్టుకుని కూర్చున్న జైనాబీ చేతిలోంచి సూది జారి కింద పడింది. మూడు వారాలుగా ఇదే వరస. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సూది ఉందో లేదో కళ్లతో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. భయమేసింది. సూది పడితే ఇంత భయం దేనికమ్మా అని ఎవరైనా అడగొచ్చు. సూది జారుతోందన్న ఈ మాటే రెండేళ్ల కిందట ఇంకో మనిషి ఆవిడకు చెప్పింది. ఆ మనిషి ఇప్పుడు లేదు.

ఆ మనిషి పేరు ఊర్మిల. జైనాబీ ఆ పిల్లను ఒక్కసారీ కంటితో చూడలేదు. ఈవిడ సౌదీకి ఈ చివర ధహ్రాన్‌లో, ఆ పిల్ల ఆ చివర ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌లో. సౌదీలో ఇళ్లకు ఇంటర్నెట్ వచ్చిన కొత్తలో, కీచుమని అరిచే మోడెంలు పెట్టుకుని, గల్ఫ్‌లో ఉన్న తెలుగు ఆడవాళ్లు అరవై మంది కుట్టుపని కోసం ఒక ఈమెయిల్ గ్రూపు పెట్టుకున్నారు. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు కొట్టుకుంటూ గంటలు గంటలు కబుర్లు. రూలు మాత్రం ఒక్కటే. ప్రతి గురువారం ఎవరు కుట్టింది వాళ్లు స్కాన్ చేసి పంపాలి, ముందువైపూ వెనకవైపూ కూడా. ముందువైపు ఎవరైనా మాయ చేస్తారు. గుడ్డ తిరగేస్తే కదా బండారం బయటపడేది! ఆ వెనకవైపుకి మార్కులు వేసే పెత్తనం జైనాబీది. ఎవరూ ఇచ్చింది కాదు, తనే తీసుకుంది. ప్రొద్దుటూరు మనిషి, నోరు కాస్త పెద్దదే.

అందరూ నెమళ్లు కుడితే ఊర్మిల కాకులు కుట్టేది. "నెమలిని ఎవలన్న కుడ్తరు. కాకిని కుట్టి మెప్పియ్యాలె" అని రాసేది. తొంభై ఒకటి గల్ఫ్ యుద్ధంలో ధహ్రాన్ మీదికి మిసైళ్లు వచ్చిన రోజులు, సైరన్ మోగగానే తలుపు కింద తడి తువ్వాలు కుక్కి ముక్కుకు మాస్కు కట్టుకుని కూర్చున్న సంగతులు, జైనాబీ మొగుడితో కూడా మళ్లీ ఎత్తనివి, ఊర్మిలకు రాసింది. వెంటనే జవాబు: "దానికి నీ ఇంటి అడ్రస్ ఎట్ల తెలుస్తదక్కా? నువ్వు ఊకె బుగులు పడకు." పదేళ్లుగా ఎవరూ తీయలేని భయాన్ని ఆ పిల్ల ఒక్క వాక్యంతో సగం తీసేసింది. చెల్లెలంటే అది కాదూ!

అలాంటి పిల్ల ఒకరోజు రాసింది: "అక్కా, సూది ఏళ్లల్ల నిలుస్తలేదు." తొమ్మిదో నంబరు మరీ సన్నం, ఏడో నంబరు పెట్టు అని జైనాబీ జవాబిచ్చింది. వారం తిరక్కుండా మళ్లీ: "ఏడు పెట్టిన. అయినా జారుతాంది." మీ రాబిగ్ ఉక్కకి చేతులు చెమట పట్టుంటాయి, పౌడరు రాసుకో అంది ఈవిడ. మూడోసారి: "పట్టుకున్నట్టే తెలుస్తలేదక్కా." తెలియదు మరి, టీవీ చూస్తూ కుడితే ఏం తెలుస్తుంది అని దెప్పింది జైనాబీ. ఆ గురువారం ఊర్మిల పంపిన కాకి వెనకవైపు చిక్కులు చిక్కులుగా ఉంటే, అరవై మంది ముందూ రాసింది: కోడి గీకినట్టుంది, సున్నా మార్కులు. అందరూ నవ్వారు. ఆ తర్వాత ఊర్మిల నుంచి కబురు లేదు.

అలిగిందనుకుంది జైనాబీ. నలభై రోజులకు ఊర్మిల పేరుతో మెయిల్ వస్తే, దారికొచ్చిందిలే అని సంబరపడి తెరిచింది. "అక్కా, నేను నాగేందర్‌ను, ఊర్మిల మొగన్ని. వంటింట్ల పడిపోయింది. జిద్దా తీస్కపోయినం. తలల గడ్డ ఉన్నదన్నరు. పదకొండు రోజులకు పోయింది. చెయ్యి ఎన్ని దినాల సంది మొద్దుబారింది అని డాక్టర్ అడిగిండు. నాకు తెల్వదన్న. మీకేమన్న చెప్పిందా?"

జైనాబీ కళ్లు తుడుచుకుని ఒకే ముక్క రాసింది: "నాకేం చెప్పలేదు తమ్ముడూ." రాసి, మోడెం వైరు పీకేసింది. గ్రూపులో మళ్లీ ఎవరికీ మార్కులు వేయలేదు.

ఇప్పుడు తన చెయ్యి. ఇది రెండువేల మూడు, మార్చి నెల. ఇరాక్ మీద మళ్లీ యుద్ధమంటున్నారు. అక్కడ గురు, శుక్రవారాలు సెలవు కాబట్టి మొగుడు దస్తగిరి ఇంట్లోనే ఉండి, స్టూలెక్కి కిటికీ అద్దాలకు టేపు అంటిస్తున్నాడు.

"ఏమయ్యా, సూది చేతిలో నిలబడ్లేదు" అంది జైనాబీ.

"యుద్ధమొస్తాంటే ఎవరి చేతులు నిలుస్తాయే? ఆ యుద్ధమప్పుడు నీళ్ల చెంబు గూడా పట్టుకోలేకపోతివి. కొంచెం లావు సూది పెట్టుకో" అన్నాడు దస్తగిరి, వెనక్కి తిరక్కుండానే.

లావు సూది పెట్టుకో! అచ్చం ఊర్మిలతో తను అన్న మాటే. ఇక్కడితో నోరు మూసుకుంటే తన సంగతీ అంతేనని తెలిసిపోయింది. ఫ్రేము పక్కకు విసిరేసి లేచింది.

"సూది సంగతి కాదయ్యా నేను చెప్పేది! చెయ్యి సంగతి. ఈ చెయ్యి నాది మాదిరి లేదు. నాకు భయంగా ఉండాది. ఊర్మిల గూడా ఇట్లే చెప్పింది. ఎవురూ ఇన్లేదు. సచ్చిపాయ."

దస్తగిరి స్టూలు దిగాడు. ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని ఒక్కో వేలూ నొక్కి, "ఇది తెలుస్తాందా? ఇది?" అని అడిగాడు. మూడు వేళ్లకు తెలియలేదు.

శనివారం దాకా డాక్టరు దొరకడు. ఆ రెండు రోజులూ జైనాబీ ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరిగింది. మిసైలైతే సైరన్ మోగుతుంది, దాక్కోవడానికి ఒక గది ఉంటుంది. తలలోనే ఉంటే ఎక్కడికి పోయి దాక్కోవాలి? అన్నం సహించలేదు. పిల్లల ముఖం చూస్తే ఏడుపొచ్చింది. శనివారం ఆస్పత్రిలో తల స్కాన్ తీసే మిషన్‌లోకి పంపినప్పుడు యా అల్లా యా అల్లా అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకుంది. మధ్యలో, వద్దనుకున్నా, ఊర్మిల గుర్తొచ్చింది. ఆ పిల్ల ఈ మిషన్‌లోకి పోయేసరికి ఎంత ఆలస్యమైందో.

డాక్టరు ఫిల్ము దీపానికి పెట్టి చూసి, తలలో ఏమీ లేదన్నాడు. ఏళ్ల తరబడి వంచి కుట్టడం వల్ల మణికట్టులో నరం నలిగిందట. కట్టు కట్టుకుని రెండు నెలలు సూది ముట్టకుంటే చాలట. దస్తగిరి హమ్మయ్య అని కుర్చీలో కూలబడ్డాడు.

జైనాబీ మాత్రం ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుంది. ప్రాణభయం పోయిందేగాని, దాని వెనక రెండేళ్లుగా నక్కిన భయం కదల్లేదు. కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఒక్కో అక్షరమూ కొట్టింది.

"తమ్ముడూ, ఆ పొద్దు నీకు అబద్ధం చెప్పినా. ఊర్మిల నాకు చెప్పింది. మూడుసార్లు చెప్పింది. నేను సూది నంబరు మార్చమన్నా. అందరి ముందూ నవ్వినా. నన్ను తిట్టు."

పంపేసింది. ఏం రాస్తాడు? మా ఊర్మిలను నువ్వే చంపినవంటాడా? అన్నా కాదనడానికి ఏముంది? అసరు నమాజు అయింది, పొద్దుగూకి మగ్రిబ్ నమాజూ అయింది. గంటకోసారి మోడెం కలుపుతూ, తెరిచి చూస్తూ, మూస్తూ ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది, ఊర్మిల పేరుతోనే. తెరవడానికి చెయ్యి రాక దస్తగిరిని పిలిచింది. అతను చదివి వినిపించాడు.

"అక్కా, ఏడువకు. నాకు గూడ చెప్పింది. దినాం చెప్పింది. కుట్టుడు బంద్ జెయ్యి, అదే తగ్గుతదన్న. డాక్టర్ అడిగితె తెల్వదన్న. మీకు చెప్పలేదంటిరి గదా, అక్కకు గూడ చెప్పలే, నాకొక్కనికే చెప్పిందనుకున్న. రెండేండ్లు ఇననోన్ని నేనొక్కన్నే అనుకున్నక్కా."