జాల పోయి అట్టలొచ్చె

చీర అంచులో హంస పడాలంటే మగ్గం పక్కన ఒక మనిషి కూర్చుని జాల దారాలు వరుస తప్పకుండా లాగుతూ ఉండాలి. ఎల్లస్వామి మగ్గానికి ఆ మనిషి అతని భార్య అండాలు. ఏ దారం తర్వాత ఏ దారమో ఆమె వేళ్లకే తెలుసు.

కొల్లాపూర్‌లో కూతురు యాదలక్ష్మికి నెలలు నిండుతున్నాయి. రెండో కాన్పు, అత్త లేని ఇల్లు. పోయివస్తానని అండాలు అడిగినప్పుడల్లా, గద్వాల నుంచి జాకార్డు రానీ, జాల పీకేసిన నాడే బస్సెక్కుదువు అనేవాడు ఎల్లస్వామి.

జాకార్డు వచ్చింది. బెజ్జాలు కొట్టి కుట్టిన అట్టలు ఒకదాని వెంట ఒకటి తిరిగితే దారాలు వాటంతటవే లేస్తాయి, లాగే మనిషి అక్కర్లేదు. అయితే ఏ అట్టకు ఎక్కడ బెజ్జం పడాలో తెలిసిన మనిషి కావాలి. అండాలు సుత్తె పట్టుకుని కూర్చుంది.

తమ అట్టలు అయ్యేసరికి మరిది వరసయ్యే కాటమయ్య వచ్చాడు, మా మగ్గానికి గూడ కొట్టియ్యమని. అతని వెనక వాడకట్టంతా వచ్చింది. ఎల్లస్వామి ఎవరికీ కాదనలేదు.

గాజులమ్మే తాహేరా కొల్లాపూర్ మీదుగా వచ్చి, యాదలక్ష్మి కాళ్లు వాచాయని, అమ్మ ఎప్పుడొస్తదని అడిగిందని చెప్పింది. ఆ రోజే అండాలు కాటమయ్య అట్టల్లో హంస మెడకు సంబంధించినవి కావాలనే వరుస తప్పించి కలిపేసి కుట్టింది. పని చెడితే లేచి పొమ్మంటారని ఆశ.

జాల లాగేటప్పుడు చెయ్యి తప్పితే ఒక్క హంసే చెడేది. అట్ట అట్లా కాదు, తిరిగినప్పుడల్లా అదే తప్పు. కాటమయ్య నేసిన బట్ట తెచ్చి పరిచాడు. ఒక్క హంసకూ మెడ సరిగా లేదు.

"నా కండ్లు మసకలైనయ్. ఇంకెవలనన్న చూస్కోండ్రి" అంది అండాలు, తల ఎత్తకుండా.

కాటమయ్య నవ్వాడు. "కుత్తిక పిసికిన హంసలు ఎవలు కట్టుకుంటరు వదినా? కుట్టిన చెయ్యికే ఎరుక, యాడ తప్పిందో."

ఎల్లస్వామి నవ్వలేదు. "ముందు గిది దిద్దు. జాలకైతే మనదొక్క మగ్గమే నిలవడేది. ఇప్పుడు నువ్వు పోతే అందరివి నిలవడ్తయ్."

కలపడం క్షణం పని. విప్పి చూస్తే ఏ అట్ట ముందో ఏది వెనకో ఆమెకే అంతుపట్టలేదు. ఒక్కొక్కటి వెలుతురుకు పట్టి, బెజ్జాలు వేలితో తడుముతూ ఒళ్లో వరుస పెట్టుకుంటుండగా కొల్లాపూర్ నుంచి మనిషి వచ్చాడు. ఆడపిల్లట. తల్లీ బిడ్డా బాగున్నారట. పక్కింటి ఈదమ్మ నీళ్లు పోసిందట.

అండాలు అతనికి గోడవారనున్న పీట చూపించింది. లేచి వేద్దామంటే ఒడి నిండా అట్టలు, కదిలితే మళ్లీ కలిసిపోతాయి.