చివరి ముక్క

బన్నుకి వెన్న అంచుదాకా పూయాలి. మధ్యలో ఒక ముద్ద పెట్టి వదిలేస్తే అది పిసినారితనం అని ఆర్డిస్ అభిప్రాయం. ఆర్డిస్ రెనేకి అత్తగారు. ఈ లూథరన్ చర్చి నేలమాళిగలో ఉన్న వంటింటికి ఆవిడ మకుటం లేని మహారాణి. ఊళ్ళో ఎవరు పోయినా సరే, పైన పాస్టర్ ప్రార్థన చేస్తుంటే కింద ఆడవాళ్ళు బన్నులు కోసి, వెన్న పూసి, హ్యామ్ ముక్కలు సర్ది, కాఫీ కాస్తుంటారు. ఏడవడానికి వచ్చినవాళ్ళు ఖాళీ కడుపుతో ఇంటికి పోకూడదు. పోయింది ఎవరైనా బన్నుల పని మాత్రం ఎప్పుడూ ఈ వంటింటి ఆడవాళ్ళదే.

ఇవాళ పోయినవాడు లైల్. ఊరి చివర పాలడైరీ రైతు, క్యాన్సర్‌తో వేసవంతా మంచం మీదే ఉన్నాడు. బయట నవంబరు మంచు సన్నగా పడుతోంది. లోపల మూడు పొయ్యిలు మండుతున్నా రెనే వేళ్ళు కొయ్యబారి ఉన్నాయి. స్వెట్టరు మీద స్వెట్టరు, దాని మీద ఏప్రన్. ఆ ఏప్రన్ తాళ్ళు ఇదివరకు వెనక్కి అందేవి కావు, పిన్నీసు పెట్టుకునేది. ఇప్పుడు నడుం చుట్టూ రెండు చుట్లు తిప్పి ముందుకు తెచ్చి ముడి వేసుకుంది.

"చూశారా మా కోడలి నడుం!" అంది ఆర్డిస్, ఊరగాయ దోసకాయలు తరుగుతూ. "నా పెళ్ళినాటి గౌను ఇస్తే ఇప్పుడు పట్టేస్తుంది దీనికి."

"అదృష్టవంతురాలివే రెనే," అంది పక్కన కాఫీ చూస్తున్న ఫిలిస్. "నేను ఒక్క బిస్కెట్టు తింటే మర్నాటికి తుంటి మీద కనిపిస్తుంది. నాకూ ఎవరైనా కాస్త కోసి పారేస్తే బాగుండు."

"పర్లేదులే," అంది రెనే.

అమెరికా ఉత్తరాన ఈ మిన్నెసోటాలో ఆ ఒక్క మాటతో జీవితం గడిపేయొచ్చు. పంట బాగా పండినా పర్లేదు, ట్రాక్టరు కాలి మీదకి ఎక్కినా పర్లేదు. ఎంత నొప్పిగా ఉంటే అంత నెమ్మదిగా అంటారు ఆ మాటని, అంతే తేడా. రెనే ఈమధ్య చాలా నెమ్మదిగా అంటోంది. ఎవరూ గమనించలేదు.

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకోమని ఎవరూ బలవంతపెట్టలేదు. అదే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. పండగ భోజనాలకి ఆర్డిస్ గ్యారేజీలోంచి చేతుల్లేని ఇనప కుర్చీ తెప్పించి, "రెనేకి అది వెయ్యండి, ఈ పాతవి ఆగవు," అని పిల్లలందరి ముందూ అనేది, ఉప్పు అందించమన్నంత మామూలుగా. భర్త కర్ట్ అయితే పాతికేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. మంచివాడు, నోరు జారే రకం కాదు. దుకాణాల్లోకి వెళ్ళినప్పుడు మాత్రం ఆమెకంటే రెండడుగులు ముందు నడిచేవాడు. ఆ రెండడుగుల దూరాన్ని చూసుకుంటూ, తోపుడుబండి నెట్టుకుంటూ, ఆ ఇంటి సరుకులన్నీ ఆమే ఎంచి తెచ్చింది, వండింది, పెట్టింది. చివరికి ఒకరోజు ఆసుపత్రికి వెళ్ళి కడుపుని కోడిగుడ్డంత చేయించుకుని వచ్చింది.

బరువు తగ్గింది. ఆగాల్సినచోట ఆగుతుందనుకున్నారు, ఆగలేదు. తిన్నది నిలవదు, నిలిచింది ఒంటికి పట్టదు. తను పనిచేసే కౌంటీ ఆఫీసులో, బాత్రూములో కొళాయి తిప్పి ఆ చప్పుడులో వాంతి చేసుకోవడం నేర్చుకుంది. దువ్వెన నిండా జుట్టు వచ్చేది. చర్చిలో బల్ల మీద కూర్చుంటే వెన్ను చివరి ఎముక నేరుగా చెక్కకి తగిలేది, అందుకని కోటు మడిచి వేసుకునేది. మనవరాలు ఒళ్ళో పడుకోబోయి లేచి, "నువ్వు గుచ్చుకుంటున్నావ్ నానమ్మా," అని సోఫా మీదకి వెళ్ళిపోయింది. ఆ రోజు రెనే తన పాత ఒంటిని తలుచుకుని ఏడ్చింది. ఇద్దరు పిల్లల్ని మోసి, మనవరాలిని ఒళ్ళో నిద్రపుచ్చిన వెచ్చటి ఒళ్ళది. దాన్ని అందరూ తిట్టారు, అందరితోపాటు తనూ తిట్టింది.

అయితే లోకం మాత్రం మెచ్చుకుంటూనే ఉంది. ఏళ్ళ తరబడి ఆఫీసు తలుపు మొహం మీద పడేలా వదిలేసిన మనుషులు ఇప్పుడు నవ్వుతూ తలుపు పట్టుకుంటున్నారు. మొదట్లో ఆమెకీ బావుండేది. అబద్ధమెందుకు, చాలా బావుండేది. తర్వాత ఒకనాడు ఒకాయన అలా పట్టుకుని "ముందు మీరు" అంటే, కృతజ్ఞత చెప్పాల్సింది పోయి, ఆయన మొహం మీద ఒక్కటివ్వాలనిపించింది. ఇన్నాళ్ళూ నీ వెనక నడిచింది నేను కాదా, ఇంకెవరైనానా అని అడగాలనిపించింది. అడగలేదు. "పర్లేదు" అని లోపలికి వెళ్ళింది.

ఎవరితో చెప్పుకోవాలి? కోరి చేయించుకున్నదానివి కదా అంటారు. ఒకసారి ధైర్యం చేసి కర్ట్‌తో చెప్పింది. అతను పేపరు మడిచి, "నీకు ఏదీ సరిపోదు రెన్," అన్నాడు. "లావుగా ఉన్నానని ఏడ్చావు. ఇప్పుడు సన్నగా ఉన్నానని ఏడుస్తున్నావు. నన్నేం చెయ్యమంటావ్ చెప్పు?" కోపంగా కూడా అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు. కర్ట్‌కి ట్రాక్టర్లూ కోత యంత్రాలూ అమ్మే దుకాణం ఉంది. ఇప్పుడు నలుగురిలో ఉన్నప్పుడు అతని చెయ్యి ఆమె నడుం మీద ఉంటోంది, ఇదిగో చూడండి అన్నట్టు. ఇంట్లో పడక మీద అదే చెయ్యి తుంటి ఎముక తగలగానే వెనక్కి వెళ్ళిపోతుంది. తగిలింది ఏమిటో అతనికి తెలుసు. ఆ చెయ్యికి తెలిసిందాన్ని అతను నోటిదాకా రానివ్వడు.

పోయిన వారం డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. "ఇది సన్నబడటం కాదు, పస్తులతో సమానం. కడుపులోకి గొట్టం వేసి ఆహారం పంపాలి. దానికీ లొంగకపోతే ఆపరేషన్‌ని వెనక్కి తిప్పాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి చేరు, కానీ ఆలస్యం చేస్తే గుండె ఊరుకోదు." తిరిగి వస్తుంటే కారులో కర్ట్ వైపర్లు వేశాడు.

"జనవరిలో డీలర్ల విందు ఉంది కదా," అన్నాడు. "ఈసారి ఉత్తమ డీలర్ బహుమతి నాకే వస్తుందంటున్నారు. నువ్వా నీలం గౌను కూడా కొనుక్కున్నావు. అది కాస్తా అయ్యాక చూద్దాం. గొట్టం వేలాడేసుకుని అంతమందిలో నీకే బావుండదు."

రెనే కిటికీలోంచి చూస్తూ ఊరుకుంది. ఊరుకుంటే సరేనన్నట్టే ఆ ఇంట్లో.

పైన ప్రార్థన ముగిసింది. మెట్ల మీద బూట్ల చప్పుడు, తర్వాత నల్ల కోట్లు. బల్ల మీద బన్నులు, ఊరగాయలు, తీపి ముక్కలు, మధ్యలో రెనే చేసి తెచ్చిన పెద్ద హాట్‌డిష్ బేసిన్. కింద మాంసం, బీన్సు, పైన బంగాళాదుంప వేపుళ్ళు పరిచి ఓవెన్‌లో ఎర్రగా కాల్చింది. ఆమె చేతి హాట్‌డిష్‌కి చర్చిలో పేరుంది. రెనే కాఫీ కూజా పట్టుకుని బల్లల మధ్య తిరిగింది. "కాఫీ?" అంటే "అబ్బే వద్దు" అంటారు. మళ్ళీ అడిగితే "నీకెందుకు శ్రమ" అంటారు. మూడోసారి అడిగితే "సరే, ఉంటే ఒక్క చుక్క" అని కప్పు చాపుతారు. ఇదంతా ఆమెకి కంఠతా వచ్చు. కాకపోతే ఇవాళ కూజా బరువుగా ఉంది, రెండు చేతులా పట్టుకుంది.

లైల్ భార్య వెర్నా గోడ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. పళ్ళెం ముట్టుకోలేదు. రెనే వంగి కప్పులో కాఫీ పోస్తుంటే స్వెట్టరు చేతులు పైకి జరిగాయి. వెర్నా ఆ మణికట్టు పట్టుకుంది. వేళ్ళు చుట్టూ తిరిగి ఒకదానిమీదకొకటి ఎక్కాయి. వదల్లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏమిటి వెర్నా?"

"ఒంట్లో బాగోనిది."

"బాగానే ఉన్నాను. ఆ ఆపరేషన్ చేయించుకున్నానుగా..."

"ఆపరేషన్ సంగతి ఊరంతటికీ తెలుసు. నేనడిగేది అది కాదమ్మా." వెర్నా గొంతు తగ్గించలేదు. పొద్దుట్నుంచీ ఏడ్చిన గొంతు, ఇంక దేనికీ మొహమాటపడే స్థితిలో లేదు. "వేసవంతా లైల్‌కి నీళ్ళు పోసింది నేను. ఈ చెయ్యి నాకు తెలుసు. మొదట్లో అందరూ 'ఏంటి లైల్, పొట్ట కరిగింది, కుర్రాడిలా ఉన్నావ్' అన్నారు. అందరికంటే ముందు నేనే అన్నాను. ఆయన ఎంత మురిసిపోయాడో. ఆ మురిపెంలో మూడు నెలలు డాక్టర్ దగ్గరికే పోలేదు మేం."

రెనే నోటిదాకా ఆ మాట వచ్చింది, ఎప్పుడూ వచ్చే మాటే. పర్లేదు. అది అనకుండా కూజా మూత వేసింది. వెర్నా ఆమె చెయ్యి వదిలి కాఫీ తాగింది.

రెనే కూజా పట్టుకుని వడ్డన బల్ల దగ్గరికి వచ్చింది. హాట్‌డిష్ బేసిన్‌లో ఒక మూల చివరి ముక్క మిగిలి ఉంది. ఇక్కడ చివరి ముక్క ఎవరూ తీసుకోరు. తీసుకుంటే ఆబ అని లోకం అనుకుంటుంది. అలాగని వదలరు కూడా. ఒకరొచ్చి సగం కోసుకుంటారు, ఇంకొకరొచ్చి మిగిలిన సగంలో సగం. ఆమె చూస్తుండగానే ఫిలిస్ వచ్చి, "అబ్బే, నాకు ఇంత చాలు," అని సగం పట్టుకుపోయింది. తర్వాత ఆర్డిస్ గరిటె తీసుకుంది, మిగిలినదాన్ని మళ్ళీ మధ్యకి కోద్దామని. ఎంతమంది ఎంత మర్యాదగా కోసినా ముక్క మాత్రం ముక్కే, అయిపోలేదనే అంటారు. ఆఖర్న వేలిగోరంత మిగిలితే దాన్ని గీకి చెత్తలో వేసేది గిన్నెలు తోమేవాళ్ళు. ఇన్నేళ్ళూ గీకింది రెనేనే.

"అది నాకివ్వండి ఆర్డిస్," అంది.

"తీసుకో, సగం తీసుకో."

"సగం కాదు."

అత్తగారి చేతిలోంచి గరిటె తీసుకుని, ముక్కని అడుగు మాడిన పొరతో సహా లేపి పళ్ళెంలో వేసుకుంది. కూజా బల్ల మీద పెట్టింది. ఏప్రన్ విప్పకుండానే వెళ్ళి వెర్నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. పోయినవారి బంధువులింకా తింటుండగా వడ్డించే ఆడది కూర్చోవడం ఆ నేలమాళిగలో ఎవరూ చూడలేదు. ఎవరూ చూడనట్టే చూశారు. రెనే చిన్న ముద్ద నోట్లో పెట్టుకుని నీళ్ళయ్యేదాకా నమిలింది. మింగి, ఆగి, ఇంకో ముద్ద పెట్టుకుంది. ఇందులో సగం కడుపులో ఉంటుందో లేదో తెలియదు. ఉప్పు కొంచెం తక్కువైంది. ఇన్నాళ్ళు వండి పెడుతున్నా ఆ సంగతి ఎవరూ చెప్పలేదేమిటనుకుంది.

"రెనే, అక్కడ కాఫీ అయిపోయింది," అంది ఆర్డిస్.

"కూజా మీ పక్కనే ఉంది."

కర్ట్ మగవాళ్ళ గుంపులోంచి వచ్చాడు. వంగి చెవి దగ్గర అన్నాడు. "ఏమైంది రెన్? అందరూ చూస్తున్నారు."

"చూడనీ." ఆమె నమలడం పూర్తిచేసి మాట్లాడింది, మామూలు గొంతుతో, అంటే అక్కడివాళ్ళ లెక్కలో గట్టిగా. "నేను రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరుతున్నాను. గొట్టం వేయించుకుంటాను. అది చాలకపోతే ఆపరేషన్ వెనక్కి తిప్పించుకుంటాను."

"జనవరి అయ్యాక అనుకున్నాం కదా."

"నువ్వనుకున్నావు. నేను ఊరుకున్నాను."

కర్ట్ చుట్టూ చూశాడు. మొహం ఎర్రబడింది. అప్పుడు, అన్నేళ్ళలో ఒక్కసారి కూడా జారని నోరు జారింది. "మరి మళ్ళీ లావైపోతే?"

పక్క బల్లలవాళ్ళు ఇటు తిరిగారు. అన్నాక తనకే వినబడినట్టుంది, కర్ట్ కుర్చీ వీపు పట్టుకున్నాడు. రెనేకి కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఏళ్ళ తరబడి ఆ రెండడుగుల దూరంలో దాక్కున్న మాట ఇదే. ఇప్పటికి బయటికొచ్చింది.

"అవుతానేమో," అంది. "అప్పుడు నా పక్కన నడుస్తావా, ముందు నడుస్తావా అన్నది నువ్వు ఆలోచించుకో. కానీ ఒకటి విను. నేను సన్నబడటం లేదు కర్ట్. అయిపోతున్నాను."

ఎవరూ పర్లేదు అనలేదు. ఆర్డిస్ కూజా ఎత్తుకుని వంటింటివైపు వెళ్ళింది. వెర్నా తన పళ్ళెంలోని బన్ను అందుకుని, పొద్దుట్నుంచి మొదటిసారి కొరికింది.

రెనే చివరి ముద్ద కూడా తిని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని కాసేపు కూర్చుంది. నిలిచింది. ఇవాళ్టికి నిలిచింది. లేచి ఏప్రన్ ముడి విప్పి కుర్చీకి తగిలించింది. బేసిన్ బల్ల మీదే ఉంది, అడుగంతా గట్టిపడి. దాన్నక్కడే వదిలేసి కోటు తొడుక్కుంది. పైకి వెళ్ళే మెట్లు ఎక్కుతూ సగంలో ఒకసారి ఆగింది, ఆయాసం తీర్చుకోవడానికి. వెనక కర్ట్ అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని మాత్రం ఆగలేదు.