టైరు చూసే చోటు

డ్రైవరు గేరు మార్చి, అలవాటు చొప్పున ఎడమ చేతిని కడుపు మీద వేసుకున్నాడు. కడుపు కిక్కురుమనలేదు. కొన్నాళ్లుగా ఇదే వరస, అయినా ఆయనకింకా నమ్మకం కుదరలేదు. సీటు పక్కన స్పానరు ఎప్పటి చోటనే ఉంది.

పేగువాపు పట్టుకున్ననాటి నుంచి, వంతెన దాటగానే పెట్రోలు బంకు దగ్గర బస్సాపడం, "టైరొకటి చూసొస్తా" అని స్పానరు పుచ్చుకుని దిగడం, టైర్ల వంకైనా చూడకుండా బంకు వెనక మరుగుదొడ్డికి పరుగెత్తడం ఆయనకు నిత్యకృత్యం. గుబురు మీసం, భారీ విగ్రహం, నలగని చొక్కా. అంతటి మనిషి కడుపు పట్టుకుని పరుగెత్తాడని నలుగురూ నవ్వితే తల ఎక్కడ పెట్టుకోవాలి పాపం!

డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. పేగు లోపలి పొరలో కణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని గోడలా నిలబడతాయట. ఒంటికి కాపలా కాసే కణాలు సైటోకైన్లనే సంకేతాలతో ఒకదాన్నొకటి పిలుచుకుంటాయట. ఆ పిలుపులు మితిమీరితే గోడ అతుకులు వదులై, రాకూడనివి లోపలికి చొరబడతాయి. వాటిని చూసి కాపలావాళ్లు ఇంకా గగ్గోలు పెడతారు.

"అర్థమైందమ్మా," అన్నాడు డ్రైవరు. "వెనక సీటువాడు ఊరికే 'ఆపు, ఆపు' అంటాడు. వాణ్ని చూసి బస్సంతా అరుస్తుంది. కంగారులో తలుపు తీస్తాం. ఎక్కకూడనివాళ్లు ఎక్కుతారు. దాంతో ఇంకా అరుపులు."

"అంతే! ఈ ఇంజక్షను ఆ అరుపు ఎవరి చెవినా పడకుండా చేస్తుంది."

మందు పనిచేసింది. ఏం లాభం? జబ్బుతో బస్సు నడపలేనని ఎప్పుడో పెట్టుకున్న అర్జీ ఇప్పుడు తీరిగ్గా మంజూరై కూర్చుంది. రేపటి నుంచి డిపోలో కుర్చీ పని. అందుకే ఈ ఆఖరి రోజైనా బంకు దగ్గర ఆగకుండా, దర్జాగా చివరిదాకా నడపాలని ఒట్టు పెట్టుకున్నాడు.

వంతెన దాటింది. బంకు కనబడింది. డ్రైవరు మీసం సవరించుకుని వేగం పెంచాడు.

"ఆపు నాయనా!" వెనక సీట్లోంచి బట్టలు కుట్టే పెద్దమ్మ కేకేసింది.

"ఎందుకమ్మా? టైర్లు బాగానే ఉన్నాయి!"

"అవెప్పుడు బాగోలేవు గనక! బాగోలేనివి నా మోకాళ్లు. ఇక్కడ దిగి నాలుగడుగులు వెయ్యకపోతే పట్టేస్తాయి."

"మరి నా టీ?" అన్నాడు రోజూ ఎక్కే గుమాస్తా. ఇంకెవరో "ఆపన్నా!" అన్నారు. క్షణంలో బస్సంతా ఆపు, ఆపు అని ఒకటే గోల.

డ్రైవరు బిత్తరపోయాడు. "అంటే... మీకందరికీ తెలుసా?"

"తెలీకేం? నువ్వు సిగ్గుపడతావని ఎవరం ఆ మాట ఎత్తలేదు," అంది పెద్దమ్మ. "నీ కడుపు చల్లగుండ, ముందు ఆపు!"

ఇన్నేళ్ల పరువూ మూకుమ్మడిగా వీళ్లే కాపాడుకొచ్చారన్నమాట! ఆయనకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. బస్సు పక్కకు తీసి తలుపు తెరిచాడు. పరుగెత్తే పని లేదు గనక, స్పానరు పట్టుకుని మొదటిసారి నిజంగానే టైర్లు చూశాడు. వెనక చక్రానికి నట్టొకటి వదులుగా ఉంది. ఎవరికీ చెప్పకుండా దాన్ని బిగించాడు.

సాయంత్రం బస్సప్పగించి, క్యారేజీ ఊపుకుంటూ ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు కొత్త డ్రైవరు బంకు దాటిపోబోతుంటే పెద్దమ్మ లేచి వచ్చి బస్సాపించి, సీటు పక్కనున్న స్పానరు తీసి చేతికిచ్చింది. "టైరు చూసిరా నాయనా." అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నట్టును పట్టే కొస ఇంకా కొత్తగానే ఉంది. పిడి మాత్రం ఏళ్ల తరబడి గట్టిగా పట్టుకున్న చేతికి అరిగి, నున్నగా మెరుస్తోంది.