సరిచూడబడినది

నేను ఒక రబ్బరు ముద్రను. చెక్క పిడి, ఊదారంగు సిరా, ఒంటి మీద ఒకే ఒక్క మాట, అదీ తిరగబడి: సరిచూడబడినది. హనుమకొండ చౌరస్తాలో నన్ను చేసిన ఖలీల్ భాయ్, ఎవరు సరిచూశారో ఆ పేరుకు కింద చోటు వదలాలా అని అడిగాడు. ఆసుపత్రి పెద్దలు అక్కర్లేదన్నారు. రేపు ఎవరు ఆ కుర్చీలోకి వచ్చినా పనికి రావాలట. మనుషుల ముందుచూపు అలా ఉంటుంది మరి.

ఇంటికి వెళ్లే రోగులకు మందుల చీటీని తెలుగులో రాసిచ్చే గదిలో నన్ను పెట్టారు. అక్కడ ఉండేది సువర్చల గారు. డాక్టరు ఇంగ్లీషులో గిలికినదాన్ని తెలుగు చేసి, పైకి చదివి, రోగి తాలూకు వాళ్లతో తిరిగి చెప్పించుకున్నాక గానీ నా మీద చెయ్యి వేసేవారు కాదు. ఆమెకు 'పూట' అనే మాటంటే అస్సలు పడదు. అది ఒకరికి అన్నం వేళ, ఇంకొకరికి సగం రోజు అనేవారు. ఉదయం అనో రాత్రి అనో విడమరిచి రాసేవారు. చాదస్తమని అందరూ నవ్వేవాళ్లు. అబద్ధమెందుకు, నేనూ నవ్వాను.

ఆ తర్వాత చీటీలు తెలుగు చేయడానికి ఏఐ వచ్చింది. రెండు రోజులు శిక్షణ పెట్టారు, సమోసాలూ పెట్టారు. దాన్ని ఎలా అడగాలో బాగానే నేర్పారు గానీ, అది ఇచ్చినదాన్ని ఎలా అనుమానించాలన్నది ఎవరి నోటా రాలేదు. సువర్చల గారు మాత్రం, పూట అని రాయొద్దు, వేళ పేరు రాయి, డాక్టరు రాసిన మోతాదు పక్కనే చూపించు అని దానికి చెప్పి మరీ రాయించుకున్నారు. అది బుద్ధిగా విన్నది. అయినా ఆమె పైకి చదవడం మానలేదు. ఎందుకమ్మా అని పక్క గది ఆయన అడిగితే, "అది నాకంటె మంచి తెలుగు రాస్తది, అందుకే నాకు భయం. తప్పు గూడ నున్నగ ఉంటె కండ్లకు కనవడదు," అన్నారు.

రోజుకు అరవై చీటీలే తెములుతున్నాయని ఆమెను రికార్డుల గదికి మార్చారు. యంత్రానికి ఆమె చెప్పిన షరతులు ఎవరూ రాసిపెట్టుకోలేదు. ఆ కుర్చీలో మేఘమాల అనే అమ్మాయిని కూర్చోబెట్టి, రెండు వందలు కావాలన్నారు. చెడ్డపిల్లేం కాదు, మంచినీళ్లు తాగడానికి కూడా లేవలేకపోయేది. పాపం, తనకు తోచిన ఉపాయం ఒకటి కనిపెట్టింది. పొద్దున రాగానే ఖాళీ కాగితాల కట్ట ముందేసుకుని టపటపా నాతో గుద్దేసేది. చీటీలు ఆ తర్వాత వాటి మీద అచ్చయ్యేవి. ఖాళీ కాగితాన్ని సరిచూడటమేమిటి నా మొహం! నాకు సిగ్గుతో ప్రాణం పోయినంత పనయ్యేది.

పరకాల నుంచి ఓదెలు అనే నేత పనివాడు షుగర్ జబ్బుతో వచ్చి చేరాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు రోజుకు ఒక మాత్ర అని రాశారు. యంత్రం 'పూటకొకటి' అని రాసింది. చక్కటి తెలుగు, అక్షరదోషం ఒక్కటి లేదు, కింద నేను. అసలే తిండి తక్కువ మనిషి. రోజుకు మూడు మాత్రలు పడి, షుగర్ పూర్తిగా పడిపోయి, అయిదో రోజు మంచం మీదే ప్రాణం పోయింది.

విచారణలో మొదట అడిగింది చీటీ మీద ముద్ర ఉందా అని. ఉంది. పెద్దలంతా ఊపిరి పీల్చుకుని మేఘమాలను ఉద్యోగంలోంచి తీసేశారు. పాత పద్ధతి చెప్పడానికి సువర్చల గారిని పిలిపించారు. ఆమె అలవాటు కొద్దీ చీటీని పైకి చదవబోయారు. 'పూటకొకటి' దగ్గర ఆగి తలెత్తారు. ఎదురుగా ఓదెలు భార్య లసుమవ్వ కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు, మనవరాలు చదివి చెబితే విన్నదట.

"గట్లనే ఉండె బిడ్డా," అంది లసుమవ్వ. "నేను ఒక్క పూట సుత తప్పనియ్యలే. ఆయన వద్దన్నా మింగిపిచ్చిన."

సువర్చల గారు చీటీని మడిచి బల్ల మీద పెట్టారు.

ఇప్పుడు ఆ చీటీతో పాటు నన్నూ ఒక కవరులో వేసి అతికించారు. గదిలో నా అవసరం తీరిపోయింది, నా మాటను యంత్రమే ప్రతి చీటీ కింద అచ్చు వేస్తోందట. సరిచూడబడినది. ఎవరు చూశారని మొదట్లో ఖలీల్ భాయ్ ఒక్కడే అడిగాడు.