గోడకెక్కిన డోలు

నేను ఒక డోలుని. గోడకి తగిలించుకునే బొమ్మని కాను. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. ఎందుకంటే మా నిలయానికి వచ్చినవాళ్లంతా నన్ను చూసి “ఎంత బాగుందో” అంటారే గాని, “ఇది మోగుతుందా?” అని ఒక్కళ్లూ అడగరు. నాకు ఒళ్లు మండిపోతుంది.

పుట్టింది శబరి ఒడ్డున ఒక కోయ ఊళ్లో. మడకం దేశయ్య అనే ఆయన గుమ్మడిటేకు మొద్దు తెచ్చి, వానాకాలమంతా అరుగు మీద కూర్చుని లోపలంతా తొలిచాడు. ఒకవైపు ఎద్దుతోలు, ఇంకోవైపు మేకతోలు బిగించాడు. పని మధ్యలో ఎవరైనా పలకరిస్తే కసురుకునేవాడు. నా ముక్కుమీద కోపం ఆయన దగ్గర్నుంచి వచ్చిందే అనుకుంటాను. ఆ ఊళ్లో నేను మోగకుండా విత్తనం నేలలో పడేది కాదు, పెళ్లి అయ్యేది కాదు, చచ్చినవాడు ఊరు దాటేవాడు కాదు.

తరవాత ప్రాజెక్టు వచ్చింది, ఊరు నీళ్లలో పోయింది. మమ్మల్ని లారీల్లో ఎక్కించి కాలనీకి తెచ్చారు. అక్కడ ఇళ్లు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. నన్ను మోగిస్తే చాలు, పక్కవీధివాళ్లు పిల్లల పరీక్షలంటూ పోట్లాటకి వచ్చేవారు. దేశయ్య పోయాక ఆయన కొడుకు నన్ను ఒక హోటలువాళ్లకి ఇచ్చేశాడు. వాళ్లు నన్ను నిలబెట్టి, నెత్తిన అద్దం పరిచి టీపాయ్ చేశారు. నా మీద కాఫీ కప్పులు పెట్టుకుని పెద్దమనుషులు కొన్నేళ్లపాటు ఆదివాసీల అభివృద్ధి గురించి మాట్లాడుకున్నారు. నేను విన్నాను. వినక ఏం చేస్తాను.

ఆ హోటలుకి కొత్త రంగులు వేయించినప్పుడు నన్ను బయట పడేస్తే, నళిని మేడమ్ ఏరి తెచ్చుకుంది. రాజమండ్రిలో ఒక ట్రస్టు నడిపే నిలయంలో ఆవిడకి ఉద్యోగం. ఇల్లూ వాకిలీ లేనివాళ్లకి, మనోవ్యాధికి వైద్యం చేయించుకుని వెళ్లడానికి చోటులేనివాళ్లకి అక్కడ తలా ఒక గది ఇస్తారు. తాళంచెవి వాళ్ల చేతికే ఇస్తారు. వేళకి అన్నం, మందులు, మంచీచెడ్డా చూడ్డానికి మనుషులూ ఉంటారు. మంచి పనే, కాదనను. అక్కడివాళ్లలో సగంమంది అడవుల నుంచి వచ్చినవాళ్లని తెలుసుకుని, వాళ్ల సంస్కృతి వాళ్లకి దూరం కాకుండా చూసే పని నళినికి అప్పగించారు.

చూసింది. నన్ను హాల్లో గోడకెక్కించి ప్లాస్టిక్ పూలదండ వేసింది. శనివారం శనివారం ఒక డాన్సు మాస్టారిని పిలిపించి, కోయవాళ్ల చేత లంబాడీ అద్దాల బట్టలు కట్టించి, అరకు వైపు ధింసా ఆడించింది. పాటకి స్పీకరు పెట్టింది, నేను ఎదురుగా వేలాడుతుండగానే.

ఆ సందడిలో కలవని మనిషి కుంజా ముత్తమ్మ. ఆవిడ ఊరు కూడా ముంపులోనే పోయింది. ఆ తరవాత మనసు చెదిరి, చాలాకాలం మానసిక వైద్యశాలలో ఉండి ఇక్కడికి వచ్చింది. చిన్న గది, కిటికీ, తలుపుకి లోపలి గడియ. ఆ గడియ తన చేత్తో తను పెట్టుకోగలగడమే ఆవిడకి పెద్ద సంబరం. మళ్లీ ఆ వార్డుకి పంపిస్తారేమోనని మాత్రం ఒకటే భయం.

ఎండాకాలం వచ్చింది. దాతలు మామిడికాయలు బస్తాలకొద్దీ పంపారు. ఇక వంటింట్లో మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర, మామిడికాయ పచ్చడి. ముత్తమ్మ కంచం ముట్టలేదు.

“కొత్త పండగ సెయ్యకుండా మావిడికాయ తినం మేడం,” అంది నళినితో. “ముందు పోయిన పెద్దలకి పెట్టాల, తరవాతే మా నోటికి. మీరు మావిడి పప్పులో పెట్టిన గరిటే అన్నంలో పెడతన్నారు. ఆ అన్నం గూడా నాకొద్దు.”

నళిని శ్రద్ధగానే విన్నది. మొండితనం అనలేదు, చాదస్తం అనలేదు. “అయితే ఆ పండగేదో మన నిలయంలోనే చేద్దాం పెద్దమ్మా, ఘనంగా,” అంది. ఆ ఘనంగా అన్నచోటే కొంప మునిగింది.

ఘనంగా అంటే బ్యానరు ఉండాలి, ముఖ్య అతిథి ఉండాలి. ఒక పెద్ద అధికారి వస్తానన్నాడు. ఆ వారం కుదరలేదు. పైవారం ఆయనకి మీటింగు పడింది. మా పెద్దలు ఎప్పుడు తినాలో ఆయన తీరిక తేల్చాల్సి వచ్చింది. ఈలోగా ముత్తమ్మ టీ బిస్కెట్లతో నెట్టుకొస్తూ, నడిస్తే గోడ పట్టుకునే స్థితికి వచ్చింది. అదే నిలయంలో సోడె జోగయ్య అని ఒక ముసలాయన ఉన్నాడు, ఒకప్పుడు తన ఊళ్లో డోలు కొట్టినవాడు. ఆమెకి వేరే గిన్నెలో ఇంత అన్నం వండిపెట్టమని ఆయన వంటవాళ్లని బతిమాలాడు. ఒకరికి చేస్తే అందరూ అడుగుతారన్నారు వాళ్లు. నర్సు వచ్చి చూసి, తిండి మానేసిందంటే జబ్బు తిరగబెట్టినట్టే, ఇలాగే ఉంటే ఆస్పత్రికి పంపక తప్పదని చెప్పి వెళ్లింది. ఎవరి మాట వాళ్లకి సబబే. ముత్తమ్మే ఎండిపోతోంది.

చివరికి పండగ రోజు వచ్చింది. పొద్దున్నే జోగయ్య నన్ను దింపి, తోలు మీద వేళ్లు ఆనించి చూశాడు.

“ఇది సల్లగా ఉంది మేడం. సెగ సూపకపోతే మోగదు. కాసింత నిప్పు ఇప్పించండి.”

“ఇక్కడ నిప్పు రాజేయకూడదు తాతా, రూల్సు ఒప్పుకోవు. ఇవాళ్టికి ఇలాగే కొట్టు.”

“ఇట్టా కొడితే పెద్దలకి ఇనపడదమ్మా. మా ఊళ్లు నీళ్లల్లో ఉన్నయి. మేం ఈడున్నట్టు ఆళ్లకి తెల్వదు. డోలు సప్పుడు పట్టుకునే ఆళ్లు రావాల.”

నళిని “చూద్దాంలే” అని బ్యానరు కట్టించడానికి వెళ్లిపోయింది. నాకు తల బాదుకోవాలనిపించింది. బాదేవాడే లేడు.

మధ్యాహ్నమైనా అతిథి రాలేదు. ముసలివాళ్లు ఆకలితో ఉన్నారని నళినికి జాలేసింది. జాలేసి, ముందు భోజనాలు పెట్టించేసింది. పండగ కదా అని మామిడికాయ పులిహోర చేయించింది కూడాను. అందరూ తిని చేతులు కడుక్కున్నాక అతిథి వచ్చాడు. ఒక పళ్లెంలో మామిడికాయ పెట్టి పెద్దలకి చూపించమన్నారు, ఆయన చూపించాడు. తరవాత నన్ను ఆయన ముందుకి తెచ్చి చేతికి పుల్లలిచ్చారు. ఆయన కొట్టాడు. తడిసిన బస్తా మీద కర్ర పడ్డట్టు దబ్బుమన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ముత్తమ్మ మూల కుర్చీలోంచి లేచి నిలబడింది.

“పెద్దలకి ఎంగిలి పెట్టారు,” అంది. గట్టిగా కూడా అనలేదు. గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం నుంచి టీ కూడా మానేసింది. మర్నాడు పొద్దున ఆస్పత్రి వ్యాను వచ్చింది. ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకుని హాల్లోంచి నడిపిస్తుంటే నళిని అడ్డొచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

“నీ కోసమేగా పెద్దమ్మా ఇంతా చేశాను.”

“నేను ఇంత అడగలేదు మేడం,” అంది ముత్తమ్మ. “ఒక మావిడికాయ, కాసింత నిప్పు అడిగినం.”

వ్యాను వెళ్లిపోయింది. నళిని చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. తరవాత లోపలికొచ్చి, నా మెడలో పూలదండ తెంపి పారేసి, ఎవరి సాయం లేకుండా నన్ను మోసుకుంటూ మేడ మీదకి తీసుకెళ్లింది. మండుటెండలో పెట్టింది. ఎండ ఎక్కేకొద్దీ నా తోలు బిగుసుకుంది. ఎన్నేళ్ల తరవాతో నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నళిని జోగయ్యని పిలుచుకొచ్చింది.

“కొట్టు తాతా. ఎవరేమన్నా నేను చూసుకుంటాను.”

ఆయన వేలితో మీటాడు. ఖంగుమన్నాను. ఒక్క దెబ్బ వేస్తే గోదావరి అవతలి గట్టు దాకా వినిపించేదాన్ని. జోగయ్య పుల్లలు చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్లీ నా మీదే పెట్టేశాడు.

“కొడితే పెద్దలు వస్తారమ్మా,” అన్నాడు. “వచ్చి, మా ముత్తమ్మ ఏదిరా అంటే, నేనేం సెప్పాల?”

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.