టిప్పు పుచ్చుకోని బల్ల

మా అన్నయ్య బోనిఫాసియో లాస్ వేగస్‌లో ముప్ఫై ఏళ్ళు పేకలు పంచి రిటైరయ్యాడు. మా అమ్మాయి లీజెల్ ఇక్కడ ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్‌లోని మా ఊరి కేసినోలో అదే పని చేస్తోంది. మేనకోడలు తన వృత్తిలోకి వచ్చిందని అన్నయ్యకి చెప్పలేనంత గర్వం. మమ్మల్ని చూడడానికి వచ్చిన మర్నాడు పొద్దున్న, వెల్లుల్లి అన్నంలోకి ఎండుచేప నంజుకుంటూ దాన్ని అడిగాడు.

"ఏమే, టిప్పులు బాగా వస్తాయా?"

"ఇక్కడ పుచ్చుకోకూడదు మావయ్యా. చట్టం ఒప్పుకోదు. తీసుకుంటే లైసెన్సు పోతుంది."

"పోవే! మరి ఇంటద్దె ఎవడు కడతాడు?"

"జీతమిస్తారుగా."

"జీతం మాకూ ఇచ్చేవాళ్ళు, సబ్బు కొనుక్కోడానికి. మీ అమ్మ విమానం టిక్కెట్టు నా టిప్పులతోనే కొన్నాను. ఫ్రాన్స్‌లో అయితే గెలిచినవాడు ఒక పందెం బిళ్ళ విసిరితే బల్ల దగ్గర డీలర్లంతా కలిసి థాంక్స్ చెబుతారట. మా వేగస్‌లో గెలిచి టిప్పివ్వకుండా లేచిపోయేవాణ్ణి మనిషి కింద జమకట్టం."

"ఇది వేగస్ కాదు. నువ్వు నా బల్ల దగ్గరికి రాకు మావయ్యా. చుట్టాలు ఆడుతుంటే నేను చెప్పి తప్పుకోవాలి. సూపర్‌వైజర్ పనికి ఈ వారమే మనుషుల్ని ఎంచుకుంటున్నారు."

"రాను తల్లీ. దూరం నుంచి నీ చేతులు చూసి వచ్చేస్తా."

లీజెల్ నవ్వి, వంగి, అన్నయ్య చెయ్యి అందుకుంది. పెద్దవాళ్ళు చెయ్యి బోర్లించి ఇస్తే నుదుటికి ఆనించుకోవడమే మా ఫిలిప్పీన్స్ ఇళ్ళలో దండం. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు, తిరిగి వచ్చినప్పుడు లీజెల్ ఆ దండం ఎన్నడూ మానలేదు.

మధ్యాహ్నం నేనూ అన్నయ్యా వెళ్ళాం. లీజెల్ మూలబల్ల దగ్గర ఉంది. అన్నయ్య ఇచ్చిన మాట ప్రకారం దానికి దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. కానీ డీలర్లు ఒక బల్ల దగ్గరే ఉండరు, మారుతుంటారు. కాసేపటికి మా బల్ల దగ్గరున్న కుర్రవాడు చేతులు తట్టి, అరచేతులు అటూ ఇటూ తిప్పి కెమెరాకి చూపించి తప్పుకున్నాడు. ఏమీ దాచుకోలేదని అలా చూపించి గాని బల్ల వదలకూడదు. అతని చోటుకి వచ్చింది లీజెల్.

మమ్మల్ని చూసి దాని మొహం బిగుసుకుంది. అప్పుడే చెప్పి తప్పుకోవలసింది. చెప్పలేదు. 'మీ ఫిలిప్పీన్స్ వాళ్ళల్లో ప్రతివాడూ నీకు అంకులేగా' అని సూపర్‌వైజర్ వెండీ ఒకసారి అందరిముందూ ఎగతాళి చేసిందట. ఆ వారంలో మళ్ళీ ఆ మాట పడడం దానికి ఇష్టం లేకపోయింది. ఒక్క ఆట అయితే మావయ్యే లేస్తాడనుకుంది.

అన్నయ్యకీ లేవాలనే ఉంది. కానీ ఆ ఆట గెలిచాడు. గెలిచి ఏమీ ఇవ్వకుండా ఎలా లేస్తాడు? ఒక బిళ్ళ ముందుకు జరిపాడు.

"ఇది అమ్మాయికి."

"థాంక్యూ సర్. మేం తీసుకోం." లీజెల్ దాన్ని వెనక్కి నెట్టింది.

అన్నయ్య చిన్నగా నవ్వాడు. ఎవరేమిచ్చినా వెంటనే చెయ్యి చాచడం మా వాళ్ళల్లో మర్యాద కాదు. రెండుసార్లు వద్దనాలి, మూడోసారి తీసుకోవాలి. ఇంటి దగ్గర చట్టమంటూ అది చెప్పిందంతా ఆయనకి మంచి పెంపకం నేర్పిన మర్యాదలా వినబడింది. మళ్ళీ జరిపాడు. అది మళ్ళీ నెట్టింది. మూడోసారి క్రిస్మస్‌నాడు పిల్లలకి డబ్బులు పెట్టినట్టు దాని చెయ్యి పట్టుకుని, అరచేతిలో బిళ్ళ పెట్టి వేళ్ళు మూసేశాడు.

లీజెల్ చేతిని గుంజుకుంది. బిళ్ళ బల్లమీద పడి దొర్లింది. ఎక్కణ్ణుంచి చూసిందో, వెండీ వచ్చేసింది.

"లీజెల్, ఈయన నీకు తెలుసా?"

"తెలీదు," అంది లీజెల్. "ఎవరో నాకు తెలీదు."

దాని ఉద్యోగం దక్కిందన్న ఊరట నాకు ముందు కలిగింది. సిగ్గు దాని తర్వాత వచ్చింది.

అన్నయ్య పాత డీలరు కదా, ఆయనకి ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. కుర్చీ పట్టుకుని కొంచెం తూలాడు. ఆయన పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ తాగలేదు.

"తప్పు నాదేనమ్మా. రెండు గుక్కలు ఎక్కువయ్యాయి. ఆ పిల్లనేం అనకండి. ఎవరి పిల్లో, పద్ధతిగా పెరిగింది."

సెక్యూరిటీవాడు ఆయన్ని మోచెయ్యి పట్టుకుని గుమ్మం దాకా నడిపించాడు. అందరూ చూశారు. లీజెల్ మాత్రం తల వంచుకుని తర్వాతి ఆటకి పేకలు సర్దుతోంది.

సాయంత్రం అది వచ్చేసరికి భోజనాలకి కూర్చున్నాం. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఉద్యోగం ఉందా?" అన్నాడు అన్నయ్య.

"ఉంది. బాగా సంబాళించావని మెచ్చుకున్నారు."

"మంచిది."

లీజెల్ దగ్గరికి వచ్చి వంగింది. అన్నయ్య చెయ్యి బోర్లించలేదు. మెల్లగా చేతులు తట్టి, రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పి దానికి చూపించాడు. కోపం లేదు. బల్ల వదిలేసేవాడి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ అరచేతుల్లో అది పట్టుకోవడానికి ఏమీ లేదు.

వంగిన పిల్ల లేచి, ఫోన్ తీసింది.

"వెండీ, నేను లీజెల్‌ని. మధ్యాహ్నం ఆయన... మా అమ్మకి సొంత అన్న. తాగలేదు. నేనే అబద్ధమాడాను." అవతలి మాట వింది. "సరే. రేపు యూనిఫాం తెచ్చి ఇచ్చేస్తాను."

"ఒసే పిచ్చిదానా!" అన్నయ్య కుర్చీ తోసి లేచాడు. "ఊరందరిముందూ తాగుబోతునయ్యానే నేను! ఎందుకయ్యాననుకున్నావ్? దీనికా?"

తిడుతూనే ఉన్నాడు. తిడుతూ తిడుతూ చెయ్యి బోర్లించి ముందుకు చాచాడు. లీజెల్ దాన్ని నుదుటికి ఆనించుకుని ఎంతకీ వదల్లేదు.

నేను ఎవరి మొహమూ చూడలేక అన్నం గిన్నె మీద మూత సర్దుతూ కూర్చున్నాను.